అటక మీద తాతల నాటి వేటకత్తి దొరికిందా? సాన పట్టించే ముందు ఒక్కసారి ఇది చదవండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి ట్రంకుపెట్టె దింపి సర్దుతుంటే అడుగున పాత పంచెలో చుట్టిన తోలు ఒర ఒకటి దొరికింది, లోపల కత్తి. మా తాతది. నాన్నని అడిగితే "అదా, మీ తాత పందుల వేటకి పోయేటప్పుడు నడుముకి కట్టుకునేవాడ్రా, ఇంకెందుకు అది, పాత సామాన్లవాడికి వేసెయ్" అన్నాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక తాత వేట మానేశాడంట, కత్తి మాత్రం పెట్టెలోకి పోయింది. అంటే నేను పుట్టకముందు నుంచీ దానికి ఎండా లేదు నూనె చుక్కా లేదు. ఇప్పుడది మా వంటింట్లో మటన్ కోస్తోంది, బ్రహ్మాండంగా కోస్తోంది. ఎలా చేశానో, ఎక్కడ చెడగొట్టానో మొత్తం చెప్తా, మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే పనికొస్తుంది.

ముందే ఒక మాట, తీయాల్సింది తుప్పు, ఇనుము కాదు. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే మిగతావి చిన్న చిన్న తప్పులు చేసినా పర్లేదు. పాత కత్తులు ఎక్కువగా పాడయ్యేది తుప్పు వల్ల కాదు, కొత్తదానిలా మెరిపిద్దాం అనుకున్నవాళ్ళ వల్ల.

ఎందుకంటే ఇది నాకు రెండో కత్తి. మొదటిది అమ్మమ్మ వాళ్ళింట్లో చాకు, దాన్ని సైకిల్ మీద చక్రం పెట్టుకుని "కత్తులకు సాన పడతాం" అని అరుచుకుంటూ వచ్చే ఆయనకి ఇచ్చా. నిప్పురవ్వలు భలే ఎగిరాయి, ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టాడు, గోరు మీద పెడితే దిగుతోంది. ఇంటికొచ్చి చూస్తే అంచు పొడుగునా నెమలికంఠం రంగులో నీలం చార. అప్పుడు అందంగానే ఉందనుకున్నా కానీ నాలుగు ఉల్లిపాయలు కోసేసరికి మళ్ళీ మొద్దు. ఆ నీలం ఏంటంటే, ఉక్కు దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితే వచ్చే రంగు. చాకుల్ని తయారుచేసేటప్పుడు గట్టిదనం కోసం ఎర్రగా కాల్చి చల్లార్చి, మళ్ళీ సుమారు 200 డిగ్రీల దగ్గర కాస్త మెత్తబరుస్తారు, ఆ లెక్క దాటి వేడెక్కితే గట్టిదనం పోయినట్టే, ఆ కాలిన మేర అరిగిపోయేదాకా ఎంత నూరినా పదును నిలవదు. అంచు కాగితమంత పల్చన కాబట్టి చక్రం మీద క్షణంలో కాలిపోతుంది, చేతికి తెలీదు కూడా. ఆయన్ని తప్పుపట్టట్లేదు, కొడవళ్ళకీ కత్తిపీటలకీ ఆ పద్ధతి సరిపోతుంది. పాత వేటకత్తికి మాత్రం వద్దు, చేత్తోనే.

సరే మొదలెడదాం. ముందు ఒరలోంచి కత్తి తీయడమే పెద్ద పని. నాది ఇరుక్కుపోయింది, తుప్పు ఉబ్బి తోలుకి అంటుకుపోయింది. ఒర నోటి దగ్గర గుప్పిటతో గట్టిగా పట్టుకుని లాగకండి. పాత దారం కుళ్ళిపోయి ఉంటుంది, కత్తి కుట్లు కోసుకుని బయటికొచ్చి నేరుగా మీ వేళ్ళ మీద పడుతుంది. ఒర వీపు వైపు నుంచి పట్టుకోండి, అంచు ఉన్న వైపు వేలు ఉండకూడదు. నోట్లో రెండు మూడు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి కిందికి వంచి పెట్టి ఒక రోజంతా వదిలేయండి, మర్నాడు కొంచెం కొంచెం ఊపుతూ తీస్తే వచ్చేస్తుంది. నాకు రెండు రోజులు పట్టింది. వచ్చాక అంచు మీద రెండు వరసలు మాస్కింగ్ టేపు వేసేయండి, పదును పెట్టే రోజు దాకా ఆ టేపు అక్కడే ఉండాలి.

ఇప్పుడు పని మొదలెట్టకుండా కాసేపు ఊరికే చూడండి. ఫోన్ లైట్ పక్కవాటంగా పడేలా పెట్టి అలుగు (పిడి కాకుండా కోసే ఇనుప భాగం) మీద, పిడి దగ్గర, అక్షరాలేమైనా ఉన్నాయేమో వెతకండి. నాదాంట్లో ముందు ఏమీ కనపడలేదు, నూనె రాసి తుడిచాక ఒక కిరీటం, దాని పక్కన "జి", "ఆర్", కింద షెఫీల్డ్ అని బయటపడింది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అంటే కత్తుల ఊరు. "జి ఆర్" అంటే జార్జి రాజుల కాలం, ఐదో జార్జి 1910 నుంచి 1936, ఆరో జార్జి 1952 దాకా. షెఫీల్డ్‌లో రోజర్స్ కంపెనీ చాకులకి మన దేశంలో ఎంత పేరంటే వాటి నక్షత్రం, మాల్టీస్ శిలువ ముద్రని చూసి కొనేవాళ్ళు, ఆ ముద్ర వాళ్ళకి 1764లో వచ్చింది. పేరు ఉంది కదా అని నకిలీలూ బాగానే వచ్చాయి, కాబట్టి ముద్ర చూసి లక్షలు వస్తాయని కలలు కనకండి. కానీ ముద్ర ఉన్నచోట మాత్రం ఎమరీ పేపరు తగలనివ్వొద్దు, ఒకసారి అరిగిందంటే ఆ కత్తి ఎక్కడిదో చెప్పే ఆధారం పోయినట్టే.

ఇంకో సంగతి, స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టింది కూడా ఆ షెఫీల్డ్‌లోనే, 1913లో హ్యారీ బ్రియర్లీ చేతిలో. వేటకత్తుల్లోకి అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి తాతల నాటిది, అందులోనూ తుప్పు పట్టిందంటే కార్బన్ స్టీలే (తుప్పు పట్టే మామూలు ఉక్కు) అనుకోవచ్చు. డౌటుంటే అలుగు మీద ఒక మూల నిమ్మరసం చుక్క వేసి ఐదు నిమిషాలు చూడండి, బూడిద రంగు మరక పడితే కార్బన్ స్టీలు. వెంటనే కడిగి తుడిచేయండి మరి.

అలుగు మీద నీళ్ళ అలల్లాంటి, చెక్క చారల్లాంటి గీతలు కనపడితే అక్కడితో ఆగిపోండి. అది పాత మూస ఉక్కు అయ్యుండొచ్చు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (మట్టి పాత్రల్లో) కరిగించి తీసిన ఉక్కుని పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు, డమాస్కస్ కత్తులు అంటారే, వాటికి అదే ముడిసరుకు. తెల్లవాళ్ళు వూట్జ్ అన్నది మన "ఉక్కు" మాటే అని చెప్తారు. అలాంటిది దొరికితే నూనె రాసి మ్యూజియం వాళ్ళకి చూపించండి, నా మాట విని రుద్దకండి.

తుప్పు దగ్గరికొద్దాం. రెండు రకాలుంటాయి. ఎర్రగా పొడి రాలేది ఒకటి, ఇది ఇనుముని తింటూనే ఉంటుంది, దీన్ని తీసేయాలి. నల్లగా నున్నగా అతుక్కుని ఉండేది ఇంకోటి, అది కిందున్న ఇనుముకి దుప్పటి లాంటిది, దాన్ని ఉంచేయాలి. చాలామంది రెండూ గీకేసి తెల్లగా చేస్తారు, రెండు వారాల్లో మళ్ళీ ఎర్ర తుప్పు వస్తుంది, "చూశావా పాత ఇనుము మంచిది కాదు" అంటారు.

నా పద్ధతి ఏంటంటే, అలుగంతా కుట్టుమిషన్ నూనె రాసి ఒక రాత్రి వదిలేయడం, పొద్దున్నే అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి (బిర్యానీ పార్సిల్‌కి వాడేదే) నూనెతోనే మెల్లగా రుద్దడం. ఫాయిల్ ఉక్కు కన్నా మెత్తన, అందుకని తుప్పు లేస్తుంది కానీ అలుగు మీద గీతలు పెద్దగా పడవు. నూనె ఎర్ర బురదలా అవుతుంది, తుడిచి మళ్ళీ కొత్త నూనె, మళ్ళీ రుద్దుడు. ఫాయిల్‌తో రాని మొండి మచ్చలకి సున్నాలు నాలుగు ఉన్న స్టీల్ ఊల్ (0000 నంబరు, చాలా సన్నటి ఉక్కు పీచు) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది వాడండి. అంట్లు తోమే స్టీలు పీచు మాత్రం వద్దు, కోడి గీరినట్టు గీతలు పడతాయి. ఇంకా గట్టి కురుపుల్లాంటివి ఉంటే పాత ఇత్తడి ముక్క అంచుతో గీకితే ఊడిపోతాయి, ఇత్తడి కూడా ఉక్కు కన్నా మెత్తనే.

ఇక్కడే నేను చేసిన వెధవ పని చెప్పాలి. ఫాయిల్‌తో రెండు గంటలు రుద్ది చేతులు పీకి, ఇత్తడి బిందెలకి చింతపండు రాస్తే తళతళలాడతాయి కదా దీనికీ అంతే అనుకుని, నానబెట్టిన చింతపండు గుజ్జు అలుగు మొన వైపు దట్టంగా పట్టించి అలాగే నిద్రపోయా. పొద్దున్నే కడిగితే తుప్పు పోయింది నిజమే, దాంతోపాటు పైపొర కూడా పోయింది, మొన దగ్గర రెండంగుళాల మేర మశూచి మొహంలా బూడిద రంగు గుంటలు. పులుపు ఏదైనా అంతే, తుప్పుతో పాటు ఇనుమునీ తింటుంది, పడుకున్నామని ఆగదు. వెనిగరూ నిమ్మకాయా ఏది వాడినా పావుగంటకోసారి తీసి చూస్కోవాలి, అయ్యాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. పిడిని మాత్రం అందులో ముంచకూడదు. అసలు అంత అవసరమే రాదు, ఓపికుంటే నూనె చాలు.

గుంటలు పడ్డవి ఏం చెయ్యాలి అంటే ఏం చెయ్యొద్దు. అవి పోవాలంటే అలుగంతా అరగదీయాలి. లోపల ఎర్ర పొడి లేకుండా గట్టి బ్రష్షుతో శుభ్రం చేసి నూనె పెట్టండి చాలు, నా మొన అలాగే ఉంది, కోయడానికి ఏ ఇబ్బందీ లేదు.

పిడి సంగతి. నాదానికి జిట్రేగి చెక్క, మూడు ఇత్తడి పిన్నులు. ఒకవైపు చెక్క ముడుచుకుని కింద ఇనుముకీ దానికీ మధ్య గోరు దూరేంత సందు పడింది, ఊపితే టకటకమంటోంది. పిన్నులు ఊడగొట్టి కొత్త చెక్క వేద్దామనిపిస్తుంది, ఆగండి. పాత పిన్ను కొడితే చెక్క పగలడానికే ఎక్కువ ఛాన్సు. నేను సందులో పాత టూత్‌బ్రష్ వెంట్రుకలతో, గట్టి దారంతో తుప్పు మొత్తం లాగేసి, గోళ్ళ రంగు తుడిచే అసిటోన్‌తో జిడ్డు పోయేలా కడిగా (జిడ్డుంటే గమ్ అంటుకోదు), తర్వాత అరాల్డైట్ రెండు ట్యూబులూ కలిపి హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడి చేస్తే నీళ్ళలా పల్చబడింది, అది సందులోకి జారవిడిచి, పిడి చుట్టూ ప్లాస్టిక్ కవరు వేసి, దాని మీద పాత సైకిల్ ట్యూబు పట్టీని లాగి లాగి బిగించి చుట్టా. ఒక రోజంతా ముట్టుకోలేదు. విప్పితే రాయిలా ఉంది. బయటికి కారింది ఏదైనా ఉంటే పూర్తిగా గట్టిపడకముందే బ్లేడుతో తీసేయండి, తర్వాత చాలా కష్టం.

చెక్కకి పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె, గుడ్డతో పల్చగా రాసి పావుగంటాగి మిగిలింది తుడిచేయాలి, రోజుకో పూత చొప్పున మూడు పూతలు. వార్నిష్ వేస్తే తడి చేతిలో జారుతుంది. ఆ నూనె గుడ్డలని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతట అవే అంటుకున్న సందర్భాలున్నాయి, నమ్మకపోతే మీ ఇష్టం. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి.

పిడి జింక కొమ్ముదో కణితి కొమ్ముదో అయితే అమ్ముదాం అన్న ఆలోచన మానుకోండి, ఆన్‌లైన్‌లో పెట్టడం అసలే వద్దు, అవి వన్యప్రాణి చట్టంలోకి వస్తాయి, కేసవుతుంది. అలాగే అలుగు 9 అంగుళాల కన్నా పొడుగో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉంటే ఆయుధాల చట్టం లెక్క వేరే ఉంటుంది, ఇంటి పనికీ పొలం పనికీ చేసినవాటిని అది పట్టించుకోదు కానీ వేటకత్తిని నడుముకి కట్టుకుని బజార్లో తిరిగితే మీదే బాధ్యత. నాది ఆరంగుళాలే, ఇంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, పదును. రాయి విషయంలో ఖరీదైన జపాన్ రాళ్ళు ఏమీ అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో ఎనిమిదంగుళాల కార్బొరండం రాయి ఇస్తాడు, ఒకవైపు ముతక ఒకవైపు సన్నం, అది చాలు. దాని తర్వాత నునుపుకి వాటర్ పేపరు 600, 1000, 1500 నంబర్లు తలా ఒక షీటు. నాపరాయి ముక్క ఒకటి చదునుగా ఉన్నది చూసి, దాని మీద నీళ్ళు చల్లి ఈ పేపరు పరిస్తే అదే మీ సన్నరాయి. కొత్త రాయైనా చదునుగా ఉందో లేదో స్కేలు పెట్టి చూస్కోండి. మా ఇంట్లో పాత రాయి నడుం వంగిన మంచంలా మధ్యలో గుంటపడి ఉండేది, దాని మీద ఎంత నూరినా కోణం నిలవదు.

నీళ్ళో నూనో ఏదో ఒకటి పెట్టుకోండి, నూనె వేసిన రాయికి తర్వాత నీళ్ళు పట్టవు. నేను మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడతా, మలబద్ధకానికి అమ్ముతారు చూడండి, అదే. వాసన ఉండదు, జిగురవ్వదు, కూరల కత్తికి తగిలినా భయం లేదు.

కోణం అనగానే అందరూ కంగారు పడతారు. వేటకత్తికి ఒక్కో వైపు 20 డిగ్రీల చుట్టూ ఉంటే బాగుంటుంది, కూరల చాకులా 15కి దించితే ఎముక తగిలితే అంచు విరుగుతుంది. కొలవడం ఎలా అంటే, కాగితం మూల తీస్కోండి, అది 90. దాన్ని సగానికి మడిస్తే 45, ఇంకో మడత వేస్తే ఇరవై రెండున్నర. ఆ మడతని రాయి మీద పెట్టి దాని వాలుకి అలుగు ఆన్చి చూడండి, దానికన్నా వెంట్రుకవాసి కిందికి దించితే మీకు కావాల్సిన కోణం. ఇంకోలా చెప్పాలంటే అలుగు అంగుళం వెడల్పుంటే వీపు రాయి నుంచి ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పైకి లేవాలి. మొదటి రోజు ఆ ఎత్తులో చిన్న చెక్కముక్క పక్కన పెట్టుకుని చూస్కుంటూ చేయండి, తర్వాత చేతికి అలవాటైపోతుంది.

టేపు తీసేయండి. అంచు పొడుగునా నల్ల పర్మనెంట్ మార్కరు పూయండి, ఇది ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి. రెండుసార్లు రాయి మీద తోసి ఎత్తి చూడండి. నలుపు అంచు చివర పోయిందా, అయితే మీరు వీపు ఎక్కువ ఎత్తారు. పైన పోయి చివర ఉండిపోయిందా, ఎత్తింది చాల్లేదు. పై నుంచి చివరి దాకా ఒకేలా పోతే అదే దాని పాత కోణం. తాత పెట్టిన కోణం దొరికితే దాన్నే పట్టుకుని వెళ్ళండి, మార్చకండి, మార్చాలంటే బోలెడు ఇనుము అరగదీయాలి.

రాయి మీంచి పల్చటి పొర చెక్కుతున్నట్టు అంచు ముందుండేలా తోయండి, పిడి దగ్గర మొదలెట్టి మొన దగ్గర అయిపోవాలి. మొన వైపు అలుగు వంపు తిరుగుతుంది కదా, అక్కడికొచ్చేసరికి పిడిని కొంచెం పైకి ఎత్తాలి, లేకపోతే వంపు దగ్గర అంచు రాయికి తగలదు. నా కత్తికి అక్కడే మూడుసార్లు పదును రాలేదు, మార్కరు పూసి చూస్తేనే తెలిసింది. ఎంత నొక్కాలంటే, వంటింట్లో తూకం మిషను మీద రాయి పెట్టి ఒకసారి నొక్కి చూడండి, ముతక వైపుకి కిలో లోపు, చివరికొచ్చేసరికి వంద గ్రాములు. కొత్తవాళ్ళందరూ చివర్లో కూడా పిండి రుబ్బినట్టు నొక్కుతారు.

ఒకవైపు ఎన్నిసార్లు? లెక్క పెట్టొద్దు. అటువైపు అంచు మీద సన్నటి ఇనప మడత లేచేదాకా. బర్ అంటారు దాన్ని. బొటనవేలుని వీపు వైపు నుంచి అంచు మీదుగా బయటికి జార్చండి (అంచు పొడుగునా మాత్రం ఎప్పుడూ వేలు జార్చకండి), గోరుకి ఏదో తట్టినట్టు గరుగ్గా ఉంటుంది. వేలు భయమైతే దూది ముక్కతో తుడవండి, పోగులు పట్టుకుంటే బర్ ఉన్నట్టు. అది పిడి నుంచి మొన దాకా మొత్తం రావాలి, ఎక్కడ రాలేదో అక్కడ అంచు ఇంకా తయారవ్వలేదన్నమాట. వచ్చాకే అటు తిప్పాలి. నిజానికి పదును రాకపోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే, బర్ రాకముందే విసుగొచ్చి సన్నరాయికి పోవడం.

రెండువైపులా అయ్యాక సన్నరాయి, తర్వాత వాటర్ పేపర్లు. పేపరు మీద మాత్రం ముందుకి తోయకూడదు, అంచు పేపర్లోకి దిగి చింపేస్తుంది, వెనక్కి లాగాలి. చివర్లో అటొకటి ఇటొకటి, తేలిగ్గా, ఒక పదిసార్లు, ఆ బర్ పల్చబడుతూ పోయేదాకా.

అంచులో చిన్న చిన్న పళ్ళు (విరిగిన గాట్లు) ఉంటే వాటికోసం ఇనుమంతా నూరేయకండి. నాదాంట్లో రెండున్నాయి, అలాగే వదిలేశా, నూరేకొద్దీ ఏళ్ళ మీద అవే పోతాయి.

ఆఖరున తోలు. పాత బెల్టు ఒకటి, లోపలి గరుకు వైపు పైకి ఉండేలా చెక్కకి అతికించి, దాని మీద పాలిష్ ఆకుపచ్చ కడ్డీ రుద్దండి, దొరక్కపోతే ఇత్తడి తోమే బ్రాసో రెండు చుక్కలు వేసి ఆరనివ్వండి, నేను చేసిందదే. అంచు వెనకాల వచ్చేలా లాగాలి, ఒక్కో వైపు పాతికసార్లు. తర్వాత సబ్బుతో కడిగి తుడవండి.

వచ్చిందో లేదో చూడ్డానికి చేతి మీద వెంట్రుకలు గీసుకోవడం అక్కర్లేదు. ట్యూబ్‌లైటు కింద అంచుని మీ కళ్ళకి ఎదురుగా పెట్టి చూడండి, మొద్దుగా ఉన్నచోట సన్నటి తెల్ల గీత మెరుస్తుంది, పదునున్నచోట ఏమీ కనపడదు, నల్లగా ఉంటుంది. తర్వాత బాగా పండిన టమాటా మీద నొక్కకుండా ఊరికే పెట్టి లాగండి. నాది మొదటిసారి మధ్యలో తొక్క దగ్గర జారింది, ఆ ముక్కని మార్కరుతో గుర్తుపెట్టి మళ్ళీ రాయికి పోయా.

ఒరకి ఇత్తడి రివిట్ల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది, అది పొడి బ్రష్షుతో దులిపి కొంచెం తేనెమైనం రాయండి, కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవాళ్ళు పది నిమిషాల్లో మైనం దారంతో వేసిచ్చేస్తారు. కానీ కత్తిని అందులో పెట్టి దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, లోపల తోలు శుద్ధి చేసిన ఉప్పులూ ఉంటాయి, మళ్ళీ తుప్పు మొదలయ్యేది అక్కడే, మా తాత కత్తి అలా అయ్యిందే ఆ ఒర వల్ల. లిక్విడ్ పారఫిన్ తుడిచిన నూలుగుడ్డలో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి డబ్బాలో పెట్టండి, ఒర పక్కన ఉంటే చాలు. కోస్తాలో ఉన్నవాళ్ళు వర్షాకాలంలో నెలకోసారి తీసి చూడండి. కొబ్బరి నూనె, పల్లీ నూనె రాయకండి, కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టుకుంటుంది.

వాడేకొద్దీ అలుగు రంగు మారుతుంది. మాంసం కోస్తే నీలం, మామిడికాయ కోస్తే నలుపు, ఉల్లిపాయకి ఎక్కడో పసుపు. అది మురికి కాదు, నల్ల తుప్పులాంటి రక్షణ పొరే, కోసిన వెంటనే కడిగి తుడిస్తే చాలు, ఆ రంగుని వదిలేయండి. మా అమ్మ ఒకరోజు నేను లేనప్పుడు "ఛీ, ఏంట్రా ఈ మరకలు" అని పీతాంబరి పెట్టి తోమి తళతళలాడించి చేతిలో పెట్టింది. మళ్ళీ ఆ నలుపు పట్టడానికి రెండు నెలలు, ఒక ఆవకాయ సీజనూ పట్టింది.